మూడోరోజు మాట

ఆ ఆసుపత్రిలో మెదడు జబ్బుల అత్యవసర వార్డుకు ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. అతని గురించి చెప్పుకునే కథలు వింటే నవ్వాలో, అక్కడినుంచి పారిపోవాలో తెలిసేది కాదు. గుమ్మం దగ్గర నిలబడి మంచం వైపు ఒక్క చూపు విసిరితే చాలు, మనిషి ఎన్నాళ్ళుంటాడో గంటలతో సహా చెప్పేస్తాడట. స్కాన్ మిషను కూడా బొమ్మ బయటికి పంపేముందు అతని మొహం చూసి "పంపమంటారా?" అని అడుగుతుందట. ఒకసారి లిఫ్టులో పక్కన నిలబడ్డ ముసలాయనతో "రేపు కనిపించండి" అన్నాడనీ, ఆయన మర్నాడు కాళ్ళమీద కాక స్ట్రెచర్ మీద కనిపించాడనీ క్యాంటీను వంటవాడు ఒట్టు పెట్టి మరీ చెప్పేవాడు. వంటవాడి ఒట్లు అతని టీ కన్నా పల్చన. కప్పు అడుగున ఆసుపత్రి ముద్ర అక్షరాలతో సహా చదువుకోవచ్చు, అంత పల్చన.

అయితే ఒక్కటి మాత్రం ఎవరూ అల్లింది కాదు. పద్ధెనిమిదేళ్ళపాటు అతని మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

అతన్ని అందరూ మూడోరోజు డాక్టరనేవారు. మెదడులో రక్తనాళం చిట్లి ఒళ్ళు తెలియని స్థితిలో వచ్చినవాళ్ళ గురించి మొదటి రెండు రోజులూ అతను నోరు విప్పేవాడు కాదు. రక్తపోటు దించేవాడు, తలలో ఒత్తిడి పెరిగితే సన్నగొట్టం వేయించేవాడు, గోటి మీద పెన్నుతో గట్టిగా నొక్కి చూసేవాడు, చెవి దగ్గరకు వంగి "రెండు వేళ్ళు చూపించండి" అని రోజుకు నాలుగుసార్లు అడిగేవాడు. వయసుకింత, నెత్తురు గడ్డ సైజుకింత, స్పృహకింత అని మార్కులు వేసే చీటీ ఒకటి జేబులో ఉండేది. ఆరుకు నాలుగు గాని, ఆ పైన గాని వస్తే, మూడోరోజు పదకొండు గంటలకు ఇంటివాళ్ళను చిన్న గదిలోకి పిలిచేవాడు.

చిన్న గది నిజంగా చిన్నదే. ఒకప్పుడు దుప్పట్లు దాచుకునే కొట్టు. నాలుగు కుర్చీలు. అందులో ఒకదాని కాలు పొట్టిదైతే మందుల అట్టపెట్టె మడిచి దాని కింద దోపారు. గోడకు చేపల బొమ్మ. అవి ఎన్ని ఏడుపులు చూశాయో గాని ఒక్క చేపా రెప్ప వేసిన పాపాన పోలేదు. కిటికీ తెరిస్తే లాండ్రీ ఆవిరి, ఉడికిన గుడ్డల వాసన. డాక్టరు ఎప్పుడూ తలుపు పక్కనున్న పొట్టికాలు కుర్చీలోనే కూర్చునేవాడు. వచ్చినవాళ్ళకు కింద కుర్చీ కూడా ఊగకూడదని అతని పట్టుదల. తను ఊగకుండా కూర్చోవడం పందొమ్మిదేళ్ళలో బాగా నేర్చుకున్నాడు.

ఫోను ఆపేసి నాలుగు వాక్యాలు చెప్పేవాడు. అయిదోది ఎవరూ వినలేదు.

"మీ నాన్నగారికి చాలా పెద్ద దెబ్బ తగిలింది. మేం చెయ్యగలిగిందంతా చేశాం, ఆయన మెదడు దేనికీ జవాబివ్వలేదు. ఈ యంత్రం ఊపిరిని నిలబెడుతుంది గాని మనిషిని వెనక్కి తేలేదు. ఆయనకే నోరుంటే ఇప్పుడు ఏం అడిగేవారో మీరు నాకు చెప్పండి."

ఆ తర్వాత ఊరుకునేవాడు. నాన్న బదులు అమ్మ, భార్య, అన్నయ్య మారేవారు. మాటలు మారేవి కావు. కాసేపటికి ఎవరో ఒకరు "ఇలా పడి ఉండటం ఆయనకు ఇష్టముండదండీ" అనేవారు. కాగితం మీద సంతకం చేసేవారు. గొంతులోంచి గొట్టం తీసేవారు. సాయంత్రానికి డాక్టరు మాట నిజమయ్యేది. చిన్న డాక్టర్లు ఆ నాలుగు వాక్యాల్నీ ఎక్కాల్లా బట్టీపట్టి, స్నానాల గదిలో అప్పజెప్పుకునేవారని ప్రతీతి.

ఆ వాక్యాల పుట్టుక మాత్రం ఆసుపత్రిలో కాదు, అతని అక్క వంటింటి బల్ల దగ్గర. తల్లి పోయేనాటికి అతనికి ఏడేళ్ళు, అక్కకు పదహారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అతన్ని పెంచి, తర్వాత తీరిగ్గా పెళ్ళి చేసుకుంది. వైద్యం చదివేరోజుల్లో పుస్తకం తెరిస్తే అతనికి నిద్ర ముంచుకొచ్చేది. కళ్ళతో చదివింది ఎక్కదు, చెవిన పడితే మాత్రం చెక్కినట్టుండిపోతుంది. అందుకని అక్క డ్యూటీ దిగొచ్చి అంత లావు పుస్తకాలు పైకి చదివేది, "నంబరు ప్లీజ్" అనే గొంతుతోనే. మెదడు మొత్తం అతను అక్క గొంతులో నేర్చుకున్నాడు.

"ఈ థాలమస్ ఎవర్రా, మన వీధిచివర తాళాల షాపాయనలా ఉన్నాడు? కంట్లోంచి ఏమొచ్చినా, చెవిలోంచి ఏమొచ్చినా ముందు ఈయన దగ్గర ఆగాలంట."

"నవ్వించకక్కా, పరీక్షలో గుర్తొస్తుంది."

"గుర్తురావడానికేరా నిద్రమొహం, చెప్పేది!"

నిజంగానే పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, నిజంగానే అతను పకపకా నవ్వాడు, కాపలా మాస్టారు జేబులు వెతికాడు.

పెద్ద డాక్టరయిన మొదటేడు, రోగుల ఇంటివాళ్ళకు కబురు చెప్పలేక నీళ్ళు నమిలేవాడు. ఒకరోజు అక్క అతన్ని బల్ల ముందు కూలేసింది.

"ఇరవయ్యేళ్ళు జనం ఫోన్లు కలిపానురా. చావు కబురు చెప్పడం రానివాళ్ళు ముందు వాన గురించి మాట్లాడతారు. నువ్వూ అదే బాపతు. ముందు వాళ్ళ మనిషిని పిలువు. నాన్నగారైతే నాన్నగారు, అక్కయితే అక్క. తర్వాత దెబ్బ. తర్వాత నువ్వేం చేశావు. ఏం, అయిందా? ఇంక ఊరుకో."

"మరి వాళ్ళేం చెయ్యాలో?"

అక్క బియ్యంలో రాళ్ళేరుతూ ఆలోచించింది. "అది నువ్వు చెప్పకు. ఆ మంచం మీద మనిషికే నోరుంటే ఏమనేవాడో వాళ్ళనే అడుగు." అని, వెంటనే కిసుక్కున నవ్వింది. "నన్నడిగితే నేనిప్పుడే చెప్పేస్తా. నాకలా అయితే గొట్టాలు దోపి, పొద్దున ఇటూ సాయంత్రం అటూ తిప్పించకు. నోరు తప్ప నా దగ్గర ఇంకేముందిరా? అది పోతే లైను కట్ చేసెయ్. విన్నావా?"

"అపశకునం మాటలు."

"విన్నావా లేదా?"

"విన్నాను."

కళ్ళతో చదివింది అతనికి ఎక్కదు గాని చెవిన పడింది పోదు. ఇది గుర్తుండాల్సిన సంగతి.

పద్ధెనిమిదేళ్ళు ఆ మాటల మీద వార్డు నడిచింది. పందొమ్మిదో ఏడు ఒక దర్జీ వచ్చాడు.

దర్జీ భార్యకు దుకాణంలోనే నెత్తురు చిట్లింది. చీటీలో నాలుగు మార్కులు. మూడోరోజు దర్జీ మెడలో టేపుతోనే చిన్న గదిలోకి వచ్చి కూర్చున్నాడు. నాలుగు వాక్యాలూ శ్రద్ధగా విన్నాడు.

"అయిపోయిందా సార్?"

"అయిందండీ."

"మంచిగా చెప్పారు. నాకు కోపం కూడా రాలేదు. ఒక్క సందేహం. మూడురోజులేనా?"

"అంటే?"

"పెళ్ళికొడుకు కోటుకి నేను పన్నెండు రోజులడుగుతాను. రెండుసార్లు తొడిగి చూస్తాను. ఆడమనిషి ఉందో పోయిందో తేల్చడానికి మీకు మూడురోజులు చాలతాయా?"

"మా లెక్కలు వేరండీ."

"ఉంటాయి, మీ లెక్క మీది. మా ఆవిడకి నోరుంటే ఏమనేదని కదా అడిగారు? 'ఈయనకి తొందరెక్కువ, ఆగమనండి' అనేది. ముప్ఫయ్యేళ్ళుగా అదే మాట."

డాక్టరు మళ్ళీ చెప్పాడు. ఇంకో పూట ఇంకోలా చెప్పాడు. దర్జీ వరండాలో బల్ల మీద కూర్చుని గుండీలు కుట్టుకుంటూ, "ఆగుదాం సార్" అనడం తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. నలభై ఒక్క రోజులయ్యాక, గొంతుకు రంధ్రంతో, కళ్ళు తెరిచి ఎటో చూస్తున్న భార్యను ఇంటికి తీసుకుపోయాడు. ఇలాంటి మొండివాళ్ళు ఏడాదికి ఒకరిద్దరు తగులుతూనే ఉంటారు. తర్వాత ఏమయ్యారో వచ్చి చెప్పినవాళ్ళు లేరు. డాక్టరూ అడగలేదు.

పదకొండు నెలల తర్వాత, బయట రోగులను చూసే గదిలోకి ఒకావిడ చేతికర్ర పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది. వెనకాల దర్జీ.

"ఈయ...నేనా?" అందావిడ. మాటలు ముద్దముద్దగా ఉన్నాయి.

"ఈయనే."

"సన్నగా... ఉన్నాడే."

ఆవిడ కర్రను చంకలో ఇరికించుకుని, ఎడమచెయ్యి డాక్టరు మొహం ముందుకు తెచ్చి, రెండు వేళ్ళు చూపించింది. వేళ్ళు వణుకుతున్నాయి. చాలాసేపు అలాగే పట్టుకుంది.

"రోజుకి నాలుగుసార్లు అడిగేవారు కదా సార్," అన్నాడు దర్జీ. "అప్పుడు కుదర్లేదట. బాకీ ఎందుకని వచ్చి చూపిస్తానంది."

తర్వాత పొట్లం విప్పి ఒక చొక్కా బల్ల మీద పెట్టాడు. లేత నీలం, పైకి కనబడని దొంగకుట్టు, గుండీ గుండీకీ సమానమైన దారం. డాక్టరు ఆ మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని తొడుక్కున్నాడు. భుజాల దగ్గర వెంట్రుకవాసి తేడా లేదు. దర్జీ అతని కొలతలు ఎన్నడూ తీసుకోలేదు. చిన్న గదిలో ఆ పావుగంట ఎదురుగా కూర్చుని చూశాడు, అంతే. ఇద్దరూ ఆ గదిలో ఒకళ్ళ కొలత ఒకళ్ళు తీశారు. ఒకడి కొలత సరిపోయింది.

చొక్కా విప్పి, మడతపెట్టి, మళ్ళీ పొట్లంలోనే పెట్టేశాడు.

తర్వాతి మూడు ఆదివారాలూ అతను రికార్డుల గదిలో గడిపాడు. రికార్డుల గుమాస్తాకు ఈ పెద్దమనిషి నేలమీద పేపరు పరుచుకుని ఎందుకు కూర్చున్నాడో అర్థంకాలేదు. పై ఆఫీసు నుంచి తనిఖీ అనుకుని భయపడి అరలన్నీ తుడిచాడు. మూడోరోజు తను సంతకం పెట్టించిన ఫైళ్ళు రెండువందల ఆరు తేలాయి. ఒక్కొక్కటీ తెరిచాడు. చీటీలో నాలుగు. చీటీలో అయిదు. చీటీలో నాలుగు. అందరూ అతను చెప్పినట్టే పోయారు. వీళ్ళలో ఎంతమంది ఎలాగూ పోయేవాళ్ళు, ఎంతమంది పదకొండు నెలలకు కర్ర పట్టుకుని వచ్చి వేళ్ళు చూపించేవాళ్ళు? ఏ కాగితం చెప్పగలదు? రెండువందల ఆరింటిలో ఒక్కదాంట్లోనూ నాలుగోరోజు లేదు.

సోమవారం, సిరంజిలు లెక్కపెట్టుకుంటున్న పెద్ద నర్సు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ అతనికన్నా ముందునుంచీ ఆ వార్డులో ఉంది.

"సిస్టర్, ఆ దర్జీ భార్య సంగతి తప్ప, నా మాట ఎప్పుడైనా తప్పిందా?"

"లేదు సార్."

"ఒక్కసారి కూడా?"

ఆవిడ లెక్క ఆపలేదు. "తప్పడానికి వ్యవధి ఇవ్వలేదు కదా సార్. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది..."

ఎత్తిపొడుపు కాదది. ఉన్నమాట అలవోకగా అనేసింది, అంతే. అందుకే ఎక్కడ దిగాలో అక్కడ దిగింది.

ఉద్యోగం మానేశాడా అంటే లేదు. మర్నాడే ఇంకెవరికో మూడోరోజు. పదకొండు గంటలకు చిన్న గదిలోకి వెళ్ళి ఆ నాలుగు వాక్యాలే చెప్పాడు. వేరే వాక్యాలు అతని దగ్గర లేవు. మొట్టమొదటిసారి కుర్చీ ఊగింది.

అయిదు నెలలు గడిచాయి. ఒక పొద్దున అక్క బజారుకు బయల్దేరుతూ, చెప్పుల్లో కాలు పెడుతూ పెడుతూ మెట్లమీద కూలబడింది. బావగారు రిటైరైన లెక్కల మాస్టారు. కాళ్ళూ చేతులూ చల్లబడినా లెక్క మరిచే మనిషి కాదు. "ఎనిమిది ముప్ఫై నాలుగు" అని అంబులెన్సు వాళ్ళకు చెప్పాడు. వార్డులో ఆరో మంచం ఖాళీగా ఉంది. స్కాన్ బొమ్మ తెరమీదకు వచ్చినప్పుడు డాక్టరు నిలబడే ఉన్నాడు. అక్క చెప్పిన తాళాల షాపు నిండా నెత్తురు. అక్కడ నిండిపోయి పక్క గదుల్లోకి కూడా పొంగింది.

సొంతవాళ్ళకు వైద్యం చెయ్యకూడదన్న పద్ధతి ప్రకారం చిన్న డాక్టరమ్మ చూసింది. డాక్టరు పక్కన నిలబడ్డాడు, అంతే. కాని చెవి దగ్గరకు వంగడం మాత్రం ఆ అమ్మాయికి వదల్లేదు.

"అక్కా, రెండు వేళ్ళు చూపించు."

మొదటిరోజు నాలుగుసార్లు. రెండోరోజు పద్నాలుగుసార్లు. చీటీ తీసి మార్కులు వేశాడు. నాలుగు. చెరిపి మళ్ళీ వేశాడు. మళ్ళీ నాలుగే.

మూడోరోజు చిన్న డాక్టరమ్మ వచ్చి, "సార్, నేను చెప్పనా?" అంది. అతని వాక్యాలన్నీ అతనికంటే బాగా ఆమెకు వచ్చు. ఆమె పెదవులు అప్పుడే మొదటి మాటకు సిద్ధమవుతున్నట్టు కనిపించాయి. వాటిని అక్క మంచానికి పది అడుగుల దూరంలో, అక్క గురించి, ఇంకొకళ్ళ నోట వినాలన్న ఊహకే అతను చెయ్యెత్తి ఆపాడు.

"వద్దమ్మా. నేను మాట్లాడతాను."

చిన్న గదిలో బావగారూ మేనకోడలూ కూర్చుని ఉన్నారు. మేనకోడలు పళ్ళసెట్లు తయారుచేసే చోట పనిచేస్తుంది. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి. చెయ్యి కడుక్కోకుండానే వచ్చేసింది. డాక్టరు పొట్టికాలు కుర్చీ దాటి వెళ్ళి, చేపల బొమ్మ కింద, రోగి తరపువాళ్ళు కూర్చునే వైపు కూర్చున్నాడు.

"ఏమోయ్ బామ్మర్దీ," అన్నాడు బావగారు. "ఊరందరికీ చెప్తావట కదా. మాకూ చెప్పు. నూటికెంత?"

డాక్టరు జేబులోంచి తొంగిచూస్తున్న చీటీని లోపలికి నెట్టాడు.

"నీ మాట తప్పదంటారు. నువ్వు వెయ్యమంటే కళ్ళు మూసుకుని వేస్తాను, సంతకం. వద్దంటే వద్దు. నాకు నోటిలెక్క అందడంలేదు."

"చూద్దాం బావగారూ."

"చూద్దామంటే?"

"ఆగి చూద్దాం. మూడురోజుల్లో తేల్చేది కాదిది."

మేనకోడలు తలెత్తి అతని వంక చూసింది. ఈ మాట ఆ గదిలో మొదటిసారి వినబడిందని ఆ పిల్లకు తెలియకపోవచ్చు. తలుపు దగ్గర నిలబడ్డ చిన్న డాక్టరమ్మకు తెలుసు. ఆమె నేల చూపులు చూసింది.

బావగారు గొంతు తగ్గించాడు. "దానికి ఇష్టమేమిటో నీకేమైనా చెప్పిందా ఎప్పుడైనా? నాతో ఎప్పుడూ వేళాకోళమే గాని సూటిగా ఒక్క మాట చెప్పి చావలేదు. నీకైతే చెప్తుంది. అందుకడుగుతున్నా."

ఇది నాలుగో వాక్యం. పందొమ్మిదేళ్ళుగా అతను అడిగిన ప్రశ్న, చుట్టూ తిరిగి అతని ముందుకే వచ్చి కూర్చుంది. బియ్యంలో రాళ్ళేరుతున్న వేళ్ళు కనిపించాయి. లైను కట్ చేసెయ్, విన్నావా? ఆ గొంతు పొల్లుపోకుండా వినిపించింది. దాని వెనక చేతికర్ర టకటకలు కూడా వినిపించాయి.

"లేదు బావగారూ," అన్నాడు. "నాకేం చెప్పలేదు."

ఆ వార్డులో పనిచేసేవాళ్ళకు తప్ప బయటివాళ్ళకు తెలియని తలుపొకటి ఉంది. మొదట్లో ఊపిరి పీల్చేది యంత్రమే. యంత్రం ఆపితే మనిషి నెమ్మదిగా వెళ్ళిపోతాడు. కొన్నాళ్ళు జరిగాయా, ఊపిరి తన పని తను నేర్చుకుంటుంది. మాట్లాడే చోటు, నవ్వే చోటు, మనుషుల్ని పోల్చుకునే చోటు అన్నీ ఆరిపోయినా, ఊపిరి పీల్చే అడుగుభాగం మాత్రం మొండిగా బతికేస్తుంది. అప్పుడిక ఆపడానికి యంత్రమే ఉండదు. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంటుంది.

పదకొండోరోజు అక్క గొంతుకు రంధ్రం చేశారు. ఇరవై రెండోరోజు యంత్రం తీసి చూస్తే అక్క తనంతట తను గాలి పీల్చుకుంది. ఆయాలు చప్పట్లు కొట్టారు. బావగారు ఆసుపత్రి వరండా అంతా తిరిగి కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. యంత్రాన్ని చక్రాలమీద తోసుకుంటూ రెండో మంచానికి తీసుకుపోతుంటే, చక్రాల కిరకిర వింటూ నిలబడ్డవాడు డాక్టరొక్కడే. పెద్ద నర్సు పక్కకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. ఆవిడ అంతకుముందు అలా ఎన్నడూ చెయ్యలేదు.

అక్క ఇంటికొచ్చి పద్నాలుగు నెలలైంది. ముందుగదిలో కిటికీ పక్కన, తల వైపు పైకెత్తే ఇనపమంచం. ముక్కు గొట్టం పోయి పొట్టకు గొట్టం వచ్చింది. రెండు గంటలకోసారి ఇటు పక్కకు, మళ్ళీ అటు పక్కకు. అయినా నడుము కింద పుండు పడి, మాని, మళ్ళీ పడింది. కళ్ళు తెరుస్తుంది. ఎవర్నీ చూడదు. మేనకోడలు ఉద్యోగం మానేసింది. మాస్టారు నోటుబుక్కులో గళ్ళు గీసి, ఎన్నిసార్లు రెప్ప వేసింది, ఎప్పుడు ఆవలించింది, చేతివేలు ఎటు కదిలింది అన్నీ రాస్తాడు.

"నిన్నటికన్నా మూడు ఎక్కువ," అంటాడు డాక్టరుతో, బుక్కు చూపించి. "పెరుగుతోందా లేదా?"

అవి రెప్పలే తప్ప కబుర్లు కావని డాక్టరుకు తెలుసు. "చూద్దాం బావగారూ" అంటాడు. అతనికి ఇప్పుడున్నది ఈ ఒక్క వాక్యమే.

రోజూ ఆసుపత్రి నుంచి దిగి, ఆరు గంటలకు వచ్చి, బూట్లు మెట్ల దగ్గర విప్పి, చెవి దగ్గరకు వంగుతాడు. "అక్కా, రెండు వేళ్ళు చూపించు." లోపల కూరలు తరుగుతున్న చప్పుడు ఆ ఒక్క నిమిషం ఆగుతుంది. తర్వాత మళ్ళీ మొదలవుతుంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం దర్జీ వచ్చాడు. ఎవరిద్వారా విన్నాడో గాని భార్యను కూడా తెచ్చాడు. ఆవిడ మంచం పక్కన కుర్చీలో కూర్చుని, అక్క చెయ్యి తీసుకుని, తన రెండు వేళ్ళతో అక్క రెండు వేళ్ళనూ పైకి లేపి పట్టుకుంది. వదిలితే పడిపోయాయి. మళ్ళీ లేపింది.

"లేస్తారు సార్," అన్నాడు దర్జీ. "ఇంత మంచి పని చేశారు మీరు, ఆగి. మావిడ కూడా ఇలాగే ఉండేది. మీరే కదా చూశారు? మా లెక్క నమ్మారు, చాలు."

డాక్టరు అతనికి ఏం చెప్పగలడు? మీ ఆవిడ నెత్తురు ఒకచోట, మా అక్క నెత్తురు ఒకచోట అని చెప్పగలడా? ఆ తేడా మూడోరోజున తనకు తెలిసీ తెలియలేదని చెప్పగలడా? తెలిసినా నోరు రాలేదని? దర్జీ గుడ్డసంచీలోంచి ఒక గౌను తీశాడు. ముదురాకుపచ్చ, వెనకవైపు ముడి వేసే తాళ్ళు, తిప్పేటప్పుడు ఒరుసుకోకుండా లోపల మెత్తటి అస్తరు. పనితనం చూస్తే కళ్ళు చెమర్చేట్టుంది.

మేనకోడలూ డాక్టరూ కలిసి తొడిగారు. భుజాలు జారిపోయాయి. రెండువైపులా గుడ్డ గుప్పెళ్ళకొద్దీ మిగిలింది.

దర్జీ బిత్తరపోయాడు. "గోడమీద ఫొటో చూసి కుట్టాను సార్. పోయిన నెల ఒకసారి వచ్చి గుమ్మంలోంచి చూసిపోయానులెండి. నా కొలత ఎప్పుడూ ఇలా..." మాట మింగేసి, టేపు తీసి, కొలవబోయి, మళ్ళీ మెడలో వేసుకున్నాడు. "ఒళ్ళు చేస్తారు. అప్పటికి సరిపోతుంది."

వాళ్ళు వెళ్ళాక మాస్టారు కాసేపు పడుకోవడానికి లోపలికి పోయాడు. నోటుబుక్కు కుర్చీలో ఉంది. సాయంత్రపు ఎండ మంచం కాళ్ళ దాకా వచ్చింది. డాక్టరు మిగిలిన గుడ్డను అక్క నడుము కింద మడతలు లేకుండా సర్దాడు. మడత ఉంటే పుండు పడుతుంది. తర్వాత వంగాడు. ఈసారి వేళ్ళ సంగతి అడగలేదు.

"అక్కా," అన్నాడు. "నీకు చాలా పెద్ద దెబ్బ తగిలింది. మేం చెయ్యగలిగిందంతా చేశాం, నీ మెదడు దేనికీ జవాబివ్వలేదు."

మూడో వాక్యం దగ్గర ఆగిపోయాడు. యంత్రం లేదు. ఆ వాక్యం ఇక్కడ పనికిరాదు. ఇరవయ్యేళ్ళ కిందట ఇలా తడబడితే అక్క, "మళ్ళీ మొదట్నుంచి చెప్పరా నిద్రమొహం" అనేది. ఎదురుచూశాడు. గొంతు రంధ్రంలోంచి గాలి వస్తూ పోతూ ఉంది.

గుమ్మంలో మేనకోడలు చేతిగుడ్డతో నిలబడి ఉంది.

"నాలుగోది కూడా చెప్పు మామయ్యా. అమ్మ నేర్పిందేగా."

అతను తలెత్తలేదు. "నాతో చెప్పింది తల్లీ. వంటింట్లో ఆ బల్ల దగ్గరే. లైను కట్ చేసెయ్యమంది. ఆరోజు మీ నాన్న అడిగితే లేదన్నాను."

లోపల మాస్టారు దగ్గాడు. మేనకోడలు వెళ్ళి ఆ గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నాకూ చెప్పింది," అంది మేనకోడలు. "నా పెళ్ళి మాటల రోజు. ఇవే మాటలు. నువ్వు అంటావని కూర్చున్నాను మామయ్యా. నీ మాట తప్పదు కదా, నువ్వు చూద్దామన్నావంటే ఏదో ఉందనుకున్నాను. ఏమైనా ఉందా?"

డాక్టరు అక్క చేతిని చూశాడు. దర్జీ భార్య లేపి వదిలిన రెండు వేళ్ళు దుప్పటి మీద ఎలా పడ్డాయో అలాగే ఉన్నాయి.

"లేదు."

ఆ పిల్ల తల ఊపింది. ఏడవలేదు. గోడ గడియారం చూసి, మంచానికి అవతలివైపు వచ్చి, అక్క భుజం కింద చెయ్యి పెట్టింది.

"టైమైంది. అటు తిప్పాలి. నడుము నువ్వు పట్టుకో. రేపు కాస్త పెందలాడే రా మామయ్యా, నాన్న ఒక్కడివల్లా కావడంలేదు."